కుర్చీ లోపలి రాత

"నా కత్తెరతో అట్ట కోసిందెవరు?"

షాపులో పుట్టిన ఆ కేక మెట్లెక్కి పైన వంటగది దాకా వచ్చింది. పళ్లు తోముకుంటున్న భర్త బ్రష్షు నోట్లోంచి తీయకుండానే మెట్ల దగ్గరికొచ్చి, "నేను కాదు" అన్నాడు ముందుజాగ్రత్తగా. కూతురు కాలేజీ సంచీలో టిఫిను డబ్బా కుక్కుకుంటూ, "నేనే. ఏం, అరిగిపోయిందా?" అంది.

ఆమె కత్తెరని వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. జానెడున్నర కత్తెర. బొటనవేలు దూర్చే చోట ఇనుము ఒరిపిడికి నున్నబడి మెరుస్తోంది. అంచు పొడవునా అట్టపొట్టు అంటుకుని ఉంది. పక్కనున్న గుడ్డముక్క తీసి ఒక కోత కోసి చూసింది. గుడ్డ తెగలేదు. నమిలి వదిలినట్టయింది.

"ఎన్నిసార్లు చెప్పాను నీకు? గుడ్డ కత్తెర గుడ్డకే. కాగితం తగిలితే పదును చచ్చిపోతుంది."

"కాగితం కాదు కదా, అట్ట."

"నోరు చూడు నోరు!"

"బోర్డు రాసి పెట్టమన్నది నువ్వే. మేస్త్రి పోయినా షాపు ఉందని నలుగురికీ తెలియాలన్నావు. మరి గోళ్లతో చింపనా?" కూతురు మెట్లు దిగి వచ్చింది. "అయినా నా కత్తెర, నా కత్తెర అంటావేంటి? అది తాతయ్యది."

"తాతయ్యదైతే నాది కాదా?"

భర్త నురగ ఉమ్మేసి వచ్చాడు. గొడవని నవ్వులో పడేద్దామనుకున్నాడు పాపం. "చట్టప్రకారం ఇప్పుడది మీ చిన్నతాతయ్యదేమోనే. ఆయన్ని అడిగి కోయాల్సింది."

ఎవరూ నవ్వలేదు. అన్న మాట తన చెవికే ఎలాగో వినపడి, అతను తువ్వాలుతో మూతిని అవసరమైన దానికంటే చాలాసేపు తుడుచుకున్నాడు.

అట్ట మీద నల్లరంగుతో 'షాపు తెరిచే ఉంది' అని రాసి ఉంది. అక్షరాలు బాగా కుదిరాయి. ఆమె దాన్ని తీసుకెళ్లి తలుపుకి తగిలించింది. కత్తెరని నూనెగుడ్డతో తుడిచి, తన అల్మరాలో పెట్టి తాళం వేసుకుంది.

కుర్చీలకి గుడ్డ వేసే మేస్త్రి, ఆమె నాన్న, పోయి ఇరవై రెండు రోజులు. ఈ ఇరవై రెండు రోజుల్లో వీలునామా కోసం ఆమె వెతకని చోటు లేదు. ట్రంకుపెట్టె అడుగున పరిచిన కాగితం కూడా ఎత్తి చూసింది. గుడ్డల నమూనాలు అంటించిన లావుపాటి పుస్తకాలు పేజీ పేజీ తిప్పింది. గోడగడియారం వెనకా, దిండు గలీబుల్లోనూ, మందుల డబ్బాలోనూ చూసింది. దొరికినవన్నీ మందుచీటీలే.

పదిగంటలకి బాబాయి ఫోన్ చేశాడు. మేస్త్రికి తమ్ముడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి.

"ఆదివారం మీ పిన్నీ నేనూ వస్తున్నామమ్మా. భోజనానికే వచ్చేస్తాం. కాగితం దొరికిందా?"

"లేదు బాబాయ్. కానీ రాశాడు. నేనెప్పుడడిగినా 'రాసే ఉంచానమ్మా, భద్రంగా ఉంది' అనేవాడు. ఎక్కడా అంటే నవ్వేవాడు."

"నవ్వితే ఏం లాభం తల్లీ. అన్నయ్య రాసిన కాగితం ఒక్కటి చూపించు, కళ్లకద్దుకుని వెళ్లిపోతాను. లేదంటే మాత్రం మీ మేనత్తా నేనూ వారసులమవుతాం. నేను కల్పించిన మాట కాదిది, చట్టం. ఎదుటి మందుల షాపాయన కూడా కొంటానని తొందరపెడుతున్నాడు."

"మరి నేనో?"

"నువ్వు మా ఇంటి పిల్లవి కాదని ఎవరన్నారమ్మా," అని ఫోన్ పెట్టేశాడు.

ఆమె పనిలోకి దిగింది. డాక్టరుగారింటి చేతుల కుర్చీ ఒకటి నెలరోజులుగా మూల పడి ఉంది. మేస్త్రి ఆఖరుగా ఒప్పుకున్న పని. కుర్చీని బల్ల మీద తిరగేసి, అడుగునున్న నల్లగుడ్డ చీలల్ని ఉలితో ఒక్కొక్కటే లేపి డబ్బాలో వేసింది. గుడ్డ తీసింది. పీచు తీసింది. గోనెపట్టీలు విప్పింది. స్ప్రింగులు కట్టిన దారాలు కోసేసరికి, ఇన్నేళ్లు అణిగి ఉన్న స్ప్రింగులు ఒక్కొక్కటీ ఒళ్లు విరుచుకున్నట్టు లేచాయి. అన్నీ తీసేశాక వట్టి కర్రచట్రం మిగిలింది. దుమ్ము ఊదింది.

వెనకపట్టె లోపలివైపు పెన్సిల్ రాత ఉంది. తెలిసిందే. ఏ కుర్చీ విప్పినా ఉంటుంది. కుర్చీకి గుడ్డ వేసినవాడు ఎప్పుడు వేశాడో, ఏం మార్చాడో లోపల రాసి మూసేస్తాడు. మళ్లీ విప్పినవాడు చదువుకుని, దాని కింద తన ముక్క రాస్తాడు. పైన కూర్చునేవాళ్లకి ఆ సంగతే తెలీదు. ఇక్కడా మేస్త్రి రాత: 'కొత్త స్ప్రింగులు ఏడు. పీచు కొత్తది. డాక్టరు బరువు తగ్గితే కుర్చీకి మంచిది.' కింద తేదీ, సంతకం.

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగింది.

మెల్లగా తల తిప్పి తలుపు పక్కకి చూసింది. అక్కడ ఆకుపచ్చ రెక్సిన్ కుర్చీ ఉంది. మేస్త్రి సొంత కుర్చీ. దానికి ఎవరినీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. ఏడెనిమిదేళ్లకోసారి తనే విప్పి, తనే మళ్లీ గుడ్డ వేసేవాడు. ఆ పూట తలుపు వేసుకుని, "నువ్వెళ్లి టీ తీసుకురామ్మా, తొందరేం లేదు" అని ఆమెని బయటికి పంపేవాడు. ముసలాయన చాదస్తం అనుకునేది.

కూతురు కాలేజీ నుంచి వచ్చేసరికి ఆకుపచ్చ రెక్సిన్ నేలమీద ఉంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చేతిలో ఉలి ఉన్నా ఆ చెయ్యి కదలడం లేదు.

"అమ్మా, తాతయ్య కుర్చీ విప్పేశావా! ఏమైంది?"

"నా కళ్లు మసకేస్తున్నాయి. నువ్వు చదువు."

కూతురు సంచీ దించి, ఫోను దీపం వేసి చట్రంలోకి తల దూర్చింది. నాలుగు పట్టెలు, నాలుగు రాతలు. ముందుపట్టె మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. "'ఈ షాపు, పై ఇల్లు, నా పనిముట్లు నా తర్వాత మా ఆవిడకి. ఆమె తర్వాత మా అమ్మాయికి.' తేదీ... అమ్మా, అప్పటికి నీకు పెళ్లి కూడా కాలేదు. సంతకం." ఎడమపట్టె మీద ఒకటే ముక్క: "'ముందుపట్టె మీద రాసినట్టే.'" కుడిపట్టె దగ్గర కూతురు కాస్త ఆగింది. "'మా ఆవిడ పోయింది. అన్నీ అమ్మాయికే.'" వెనకపట్టె మీది గీతలు వంకర్లు పోయాయి. "'మొత్తం అమ్మాయికే. చెయ్యి వణుకుతోంది. అక్షరాలు నావే.' ఇది మొన్న మొన్నటిది, రెండేళ్లు కూడా కాలేదు."

ఆమె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురు తల బయటికి తీసింది. జుట్టు నిండా పీచు.

"దొరికింది కదమ్మా! ఇంకెందుకు ఏడుస్తావు?"

మర్నాడు పొద్దున్నే చట్రాన్ని ట్రాలీ బండికి తాళ్లతో కట్టించారు. భర్త సెలవు పెట్టి, బండి వెనక నిలబడి కుర్చీకాలు పట్టుకున్నాడు. వీధి మొగలో తాళాలు బాగుచేసే ఆయన, "ఎక్కడికి మేస్త్రిగారమ్మాయీ, కుర్చీ ఊరేగింపు?" అని కేకేశాడు. చిన్నప్పటి నుంచి ఆమె ఆ వీధిలో అందరికీ అదే, మేస్త్రిగారమ్మాయి. నలభై ఆరేళ్లొచ్చినా అదే.

వకీలు ఆఫీసు రెండో అంతస్తు. చట్రాన్ని పైకి మోసుకెళ్లి గది మధ్యలో దించారు. వకీలు ఆమెకంటే చిన్నదే. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, చీర కుచ్చెళ్లు సర్దుకుని నేలమీద చతికిలబడింది. నాలుగు పట్టెలూ చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి వేలు పెట్టుకుంటూ చదివింది.

"చాలా మంచిగా రాశారండీ" అంది. ఆ గొంతు వినగానే భర్తకి అర్థమైంది. ఆమెకి ఇంకా కాలేదు.

"కర్ర మీద రాస్తే చెల్లదంటారా?"

"కర్ర మీదా, గోడ మీదా అని కాదండీ. ఆయన సంతకం పెడుతుంటే ఇద్దరు మనుషులు చూడాలి. చూశామని ఆ ఇద్దరూ కింద సంతకం పెట్టాలి. ఆ ఇద్దరికీ ఇందులో ఏమీ రాకూడదు. ఇక్కడ ఆయన సంతకాలు నాలుగున్నాయి. రెండోవాడి సంతకం ఒక్కటీ లేదు. ఆయన రాస్తుంటే ఎవరైనా చూశారా?"

"తలుపు వేసుకునేవాడు. నన్ను టీకి పంపేవాడు."

"టీ కొట్టు ఎంత దూరం?"

"ఎదురుగానే."

ఎదురుగా టీ కొట్టాయన ఒకడు, వీధి మొగలో తాళాలాయన ఒకడు. తలుపు తీసి ఒక కేక వేస్తే చేతులు తుడుచుకుంటూ వచ్చేవాళ్లు. ఆమె మనసులో ఆ ఇద్దరూ నాలుగుసార్లు వచ్చి, నాలుగుసార్లు సంతకం పెట్టి వెళ్లారు.

"పోనీ, కూతురిగా నాకు రాదా?"

"మీ అమ్మగారు ఆయన్ని చేసుకునేనాటికి మీకెన్నేళ్లు?"

"ఆరు."

"దత్తత కాగితం ఏమైనా?"

"నాన్నా అని పిలిచాను," అంది ఆమె. అది జవాబు కాదని అంటుండగానే తెలిసింది. "బడిలో తండ్రి పేరు ఆయనదే. నా పెళ్లి ఆయనే చేశాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ షాపులోనే ఆయన పక్కన పనిచేశాను."

"నాకు తెలుస్తూనే ఉందండీ. చట్టానికే తెలీదు." వకీలు లేచి, చేతులకంటిన దుమ్ము దులుపుకుంది. "కేసు వేస్తే వేయొచ్చు. ఏళ్లు పడుతుంది. చివరికి గెలుస్తారని నేను చెప్పలేను. మీ బాబాయిగారు మనసున్న మనిషైతే ఆయనకి ఈ కర్ర చూపించండి. అంతకంటే దారి లేదు."

చట్రాన్ని మళ్లీ ఎత్తుతుంటే గుమ్మం దగ్గర వకీలు అడిగింది. "మీ ఇద్దరూ రాసుకున్నారా మరి?"

భర్త నవ్వాడు. "మాకేముంది మేడమ్, రాయడానికి?"

"పాపం మీ మామగారు అలా అనుకోలేదు. నాలుగుసార్లు రాశారు. కూర్చునే ముందు ఇద్దర్ని పిలవలేదంతే."

మెట్లు దిగుతున్నప్పుడు ఒక మలుపు దగ్గర కుర్చీకాలు గోడకి గీసుకుంది. "మెల్లిగా, మెల్లిగా" అంది ఆమె, పసిపిల్లని మోస్తున్నట్టు. ఆ తర్వాత ఇంటిదాకా కుర్చీకాలు తనే పట్టుకుంది.

ఆదివారం బాబాయీ పిన్నీ పదకొండుకే వచ్చారు. భర్త పైన వంట చేస్తున్నాడు. కూతురు ఉల్లిపాయలు కోస్తూ ముక్కు ఎగబీలుస్తోంది. షాపులో బల్ల మీద మేస్త్రి కుర్చీ చట్రం ఉంది. దానికి ఆమె కొత్త గోనెపట్టీలు బిగిస్తోంది, మూడు పట్టీలే బిగించి మిగతా చోటు వదిలేసింది, లోపలి రాత కనపడేలా.

"ఇదే బాబాయ్. వెతికిన కాగితం."

ఆయన కళ్లజోడు కోసం జేబులు తడుముకున్నాడు. లేదు. పిన్ని తన కళ్లజోడు తీసిచ్చింది. ఆ ఆడవాళ్ల కళ్లజోడు ముక్కుమీద నిలబడక చేత్తో పట్టుకుని, ఆయన వంగి చదవడం మొదలుపెట్టాడు. పెదాలు కదుపుతూ చదివాడు. వెనకపట్టె దగ్గరికి వచ్చాక చదవడం ఆపి, వంకర అక్షరాల మీద వేలు ఉంచాడు. పెన్సిల్ పొడి వేలికి అంటింది. చప్పున చెయ్యి తీసేశాడు, చెరిపేస్తానేమోనని.

"అన్నయ్య రాతే," అన్నాడు.

ఆమె గుప్పెడు చీలలు తీసి నోట్లో పోసుకుంది. అదీ మేస్త్రి నేర్పిందే. నాలుకతో ఒక్కో చీలని పెదాల చివరికి నెట్టి, అయస్కాంతపు సుత్తి అంచుకి అంటించి, పట్టీ మీద టక్కున కొట్టడం. నోట్లో చీలలున్నంతసేపూ మాట్లాడే పని ఉండదు.

"వకీలేమంది?" పిన్ని అడిగింది.

ఆమె టక్కున ఒక చీల కొట్టింది. భర్త మెట్ల మీద నుంచి, "చెల్లదన్నారండీ. సాక్షులు లేరట" అన్నాడు.

పిన్ని చట్రం చుట్టూ ఒకసారి తిరిగింది. "బావగారు ఈ రాతలన్నీ కుర్చీ మీద రాసే బదులు ఒక్క కాగితం మీద రాసుంటే ఏం పోయింది! మనిషి మంచివాడే. మంచివాళ్లతోనే వస్తుంది తంటా."

బాబాయి కళ్లజోడు మడిచి పట్టుకుని, తలుపు దగ్గరికి వెళ్లి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎదురుగా మందుల షాపు. దాని యజమాని గల్లా దగ్గర నుంచి చెయ్యెత్తి పలకరించాడు. బాబాయి కూడా చెయ్యెత్తాడు, సగం దాకా. ఆమె అది చూసింది. మిగతా చీలలన్నీ వరసగా కొట్టేసింది. పట్టీలు పడుతున్నకొద్దీ ముందుపట్టె మూసుకుపోయింది. తర్వాత ఎడమ, తర్వాత కుడి. వెనకపట్టె దగ్గర మాత్రం పక్కనున్న పెన్సిల్ తీసుకుని, వంకర అక్షరాల కింద ఏదో రాసి, తేదీ వేసింది. ఏం రాసిందో ఎవరూ అడగలేదు. దానిమీద ఆఖరి పట్టీ లాగి బిగించింది.

భోజనాలు పైన. అయిదుగురికీ చోటు సరిపోక కూతురు గిన్నెల పక్కన స్టూలు వేసుకుంది. భర్త అందరికీ వడ్డించాడు. కూరలో ఉప్పు కాస్త ఎక్కువైంది. "బాగుంది" అన్నారు ఇద్దరు ముగ్గురు.

బాబాయి రెండు ముద్దలు తిని ఆగాడు.

"అమ్మాయీ, నేనొక్కణ్ణే అయితే ఈ క్షణం వదిలేసేవాణ్ణి. ఒట్టు. కానీ మీ అత్త ఒప్పుకోదు. నేను వదిలేస్తే నా వాటా కూడా ఆమె పిల్లలు కావాలంటారు. మందుల షాపాయనకి మాటిచ్చేశాం. నువ్వు రెండు నెలలు తీసుకో. మూడైనా పర్లేదు. సామాన్లు, పనిముట్లు అన్నీ నువ్వే తీసుకెళ్లు. మీ అత్తకి నేను చెప్పుకుంటాను. ఆ కుర్చీ కూడా నీదే."

ఇస్తున్న మనిషి గొంతే అది. నిజంగానే ఇస్తున్నాననుకుంటున్నాడు. భర్త గరిటె పట్టుకుని నిలబడిపోయాడు. కూతురు పళ్లెం వైపే చూస్తోంది. ఆమె మాత్రం అన్నం కలుపుతూనే ఉంది. ఏ మాట వినాల్సి వస్తుందోనని ఇన్నాళ్లూ ఊపిరి బిగబట్టుకుంది. ఆ మాట వచ్చేశాక ఇక దేనికి?

పిన్ని బాబాయి వైపు తిరిగి, "మరి మీరు రాశారా?" అంది.

"ఏంటి?"

"మన ఇల్లు. అదీ మీ పేరు మీదే కదా. మన పెద్దాడూ చిన్నాడూ మొన్న మనం పండుకున్నామనుకుని వరండాలో టేపు పెట్టి కొలుస్తున్నారు, గోడ ఎక్కడ లేపాలా అని. మనిద్దరం లోపల మేలుకునే ఉన్నాం. మీ తర్వాత నేను గోడకి ఇటుండాలా, అటుండాలా? రాశారా?"

"రాసే ఉంచానులే," అన్నాడు బాబాయి, అన్నంలోకి వంగుతూ. "భద్రంగా ఉంది."

పిన్ని చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. కూతురు తలెత్తి తల్లి వైపు చూసింది. పిన్ని ఆ ముద్దని తిరిగి పళ్లెంలో పెట్టేసింది. అంతవరకూ ఈ ఇంట్లో కిటికీలెన్ని, గదులెన్ని అని చూసిన కళ్లు ఇప్పుడు బాబాయి మీదే ఉన్నాయి, కొత్తమనిషిని చూస్తున్నట్టు.

ఆమె మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"రెండు నెలలు వద్దు బాబాయ్. నెలాఖరుకి ఖాళీ చేస్తాం. డాక్టరుగారి కుర్చీ ఒక్కటి పూర్తి చేసి ఇచ్చేస్తే ఇక్కడ నాకు పని లేదు."

"తొందరేముందమ్మా..."

"ఇంకో మాట. రేపు వకీలు దగ్గరికి వెళ్తున్నాం, నేనూ ఈయనా. మేమూ రాసేస్తున్నాం."

భర్త గరిటె గిన్నెలో పెట్టాడు. "రాయడానికి మనకేముందే?" అన్నాడు. మొన్నటి నవ్వు మాత్రం ఆ మాటలో లేదు.

"కత్తెరుంది. సుత్తి ఉంది. ఆ కుర్చీ ఉంది. అన్నీ దీనికి," అని కూతురివైపు గడ్డంతో చూపించింది. "అట్టలు కోయనని ఒప్పుకుంటేనే."

"ఒప్పుకుంటున్నా," అంది కూతురు.

"సాక్షులు ఇద్దరు కావాలి బాబాయ్. మీరూ పిన్నీ రావాలి."

బాబాయి ఉలిక్కిపడ్డాడు. "మేమా? మేమెందుకమ్మా? వీధిలో ఎవరినైనా..."

"సాక్షికి అందులో ఏమీ రాకూడదని చెప్పింది వకీలు. నేను రాసేదాంట్లో మీకేమీ రాదు. ఇంతకంటే సరైనవాళ్లు నాకెక్కడ దొరుకుతారు?"

ఆయన అన్నం మెతుకుల్ని పళ్లెం అంచుకి నెట్టాడు. పెన్సిల్ పొడి అంటిన వేలు ఇంకా కొంచెం నల్లగానే ఉంది.

"ఎన్నింటికి రావాలి?" అని అడిగింది పిన్ని.

"పదకొండుకి. బాబాయిగారి కళ్లజోడు మర్చిపోకండి పిన్నీ. ఆయన చూస్తుండగా నేను సంతకం పెట్టాలి."